ముల్లు చేతిలో పెట్టు

నేను ఒక నీళ్ల తొట్టిని. తొట్టి అనగానే పెరట్లో బట్టలుతికే సిమెంటు తొట్టో, గేదెలు మూతిపెట్టే కుడితి తొట్టో మీ కళ్లముందు మెదిలితే అది నా తప్పు కాదు. నేను అద్దంకిలో దర్శి రోడ్డు పక్కన, నాసరయ్య టైర్ల కొట్టు ముందు, నాలుగు ఇనప కాళ్ల మీద వెల్లకిలా పడుకుని ఉండే సగం డ్రమ్మును. నా కడుపులో ఎప్పుడూ ఐదారు బిందెల నీళ్లుంటాయి. అవి తాగడానికి పనికిరావు, మొహం కడుక్కోవడానికి అసలే పనికిరావు. అయినా ఈ ముప్ఫై ఏళ్లలో ఆ నీళ్లలోకి తొంగిచూడని బండివాడు ఈ చుట్టుపక్కల ఒక్కడుంటే తెచ్చి నాకు చూపించండి.

పుట్టుకతో నేను నిండు డ్రమ్మును. ఎక్కడో రేవులో ఇంజను ఆయిలు నింపుకుని, లారీలో దొర్లుకుంటూ వచ్చి, కడుపు ఖాళీ అయ్యాక ఈ ఊరి వెల్డింగు షెడ్డులో తేలాను. అక్కడ గ్యాసు మంటతో నన్ను నిలువునా రెండు చెక్కలు చేశారు. ఆనాటి సంగతి ఎక్కువ అడక్కండి. రెండుగా కోస్తే ఎవరికి బాగుంటుంది? నా రెండో చెక్కను ఒక గేదెల ఆసామి పట్టుకుపోయాడు. దానికి రోజూ తవుడూ చిట్టూ, నాకు రబ్బరు వాసనా. ఏం చేస్తాం, ఎవరి రాత వాళ్లది అనుకుని ఊరుకున్నాను.

నన్ను తీసుకున్న నాసరయ్య అప్పుడు ముప్ఫై నిండని మనిషి. సన్నగా, పొడుగ్గా, లుంగీ మీద గళ్ల చొక్కా వేసుకుని ఉండేవాడు. ఇంటికి తీసుకెళ్లి బూడిదా, చాకలి సోడా కలిపి మూడు రోజులు నన్ను తోమాడు. లోపల ఆయిలు జిడ్డు ఒక పట్టాన వదల్లేదు. వెల్డింగు ఆయన అటుగా పోతూ చూసి నవ్వాడు.

"పంక్చరు నీళ్లకు ఇంత సింగారమా నాసరయ్యా?"

"జిడ్డుంటే ప్యాచీ పట్టదన్నా. బుడగ కూడా సరిగా కనపడదు. బుడగ కనపడకపోతే ఇంక ఈ కొట్టెందుకు?" అన్నాడు నాసరయ్య.

ఆ మాట నేను చాలా ఏళ్లు మర్చిపోయాను. తర్వాత గుర్తుకొచ్చింది, ఎందుకో మీకే తెలుస్తుంది.

తక్కిన కొట్లలో నాలాంటి తొట్టిని లోపల మూలన పెడతారు. అక్కడ ఏం జరుగుతుందో బండి తెచ్చినవాడికి తెలియదు. ఒక చిల్లుతో లోపలికి పోయిన ట్యూబు రెండు చిల్లులతో బయటికి రావడం కూడా కద్దు. నాసరయ్య నన్ను తెచ్చి కొట్టు ముందు, వేపచెట్టు నీడన పెట్టాడు. నా ఎదురుగా ఒక ఇనప స్టూలు వేశాడు. అది తనకు కాదు, వచ్చినవాళ్లకు.

ఆయన పద్ధతి చెబుతాను వినండి. ట్యూబు విప్పి, గాలి కొట్టి, నాలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పుతాడు. చిల్లున్న చోట బుడగలు బుళబుళా లేస్తాయి. ఇంతవరకూ ప్రపంచంలో పంక్చరు వేసే ప్రతివాడూ చేసేదే. నాసరయ్య మాత్రం బండి తెచ్చిన మనిషిని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి, "ఎక్కడొస్తందో నువ్వు చెప్పు. నువ్వు చూసిందాకా నేను అతికించను," అంటాడు. ఆ మనిషి వేలు పెట్టి చూపించాలి. అప్పుడు అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, టైరు లోపల చెయ్యి పోనిచ్చి, దిగిన ముల్లునో మేకునో పట్టకారుతో పీకి, ఆ మనిషి అరచేతిలో పెడతాడు. "ఇదిగో, నీ ముల్లు," అంటాడు. దాన్ని రోడ్డు మీద పారేయనివ్వడు. నా కాలికి ఒక రేకు డబ్బా వేలాడుతుంటుంది, అందులో వేయాలి. ప్యాచీ వేశాక ట్యూబును మళ్లీ నాలో ముంచి అంతా తిప్పి చూపిస్తాడు. దాన్ని రెండో మునక అంటాడు. ఎక్కడా బుడగ లేదని బండివాడు తన నోటితో అంటేనే ఆ ట్యూబు టైరులోకి పోతుంది.

మనుషులు భలేవాళ్లండీ. కాల్లో సర్కారు తుమ్మ ముల్లు దిగితే ఊరంతా వినపడేలా మూలుగుతారు. అదే ముల్లు టైరులోంచి తీసి చేతిలో పెడితే లాటరీ తగిలినట్టు మురిసిపోతారు. తిప్పి తిప్పి చూస్తారు, పక్కవాడికి చూపిస్తారు. ఇంటికి పొట్లం కట్టుకుపోయి పెళ్లానికి చూపిస్తానన్న వాడిని కూడా చూశాను. ఆ ఇల్లాలు ఏమందో మాత్రం నాకు తెలియదు.

అందరికంటే ఘనుడు పాల చెంచయ్య. మోపెడు మీద రెండు క్యాన్లు కట్టుకుని తిరుగుతాడు. పుట్టు అనుమానం మనిషి. తాళి కట్టేటప్పుడు ముడి గట్టిగా పడిందో లేదో మూడుసార్లు లాగి చూసుకునే రకం. స్టూలు మీద కూర్చోడు, నా అంచు పట్టుకుని వంగుతాడు. "ఆ మూల ఇంకోసారి ముంచు. ఉహూ, అది కాదు, దాని పక్కన," అంటూ పది నిమిషాల పనిని అరగంట చేస్తాడు. నాకు ఒళ్లు మండేది. నాసరయ్య మాత్రం ఏ రోజూ విసుక్కోలేదు. "చూడన్నా, బాగా చూడు," అంటూ తిప్పేవాడు.

ఆరేళ్ల క్రితం ఏసుమణి వచ్చింది. ఎవరో వాడి అమ్మేసిన ఆటో కొనుక్కుని, అద్దంకి స్టాండులో ఆటో నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడ. మొదటిసారి పంక్చరయినప్పుడు ఇంకో కొట్టుకు వెళితే "ఆటో ఎవరిదమ్మా, మీ ఆయన రాలేదా?" అని అడిగారట. మొహం ఎర్రగా చేసుకుని మా దగ్గరికి వచ్చింది. ఇక్కడా అదే మాట వినాల్సి వస్తుందని మూతి బిగించుకుని నిలబడింది. నాసరయ్య స్టూలు చూపించాడు. "కూర్చో అమ్మాయ్. ఎక్కడొస్తందో నువ్వు చెప్పు," అన్నాడు. ఆవిడ వేలు పెట్టి చూపించింది. "మంచి కళ్లమ్మా నీయి," అన్నాడాయన. ఆ ఒక్క మాటకు ఆవిడ మొహం విప్పారింది.

తర్వాత్తర్వాత ఆయన ఆవిడకు చాలా నేర్పాడు. ఒకసారి వాల్వు మొదట్లో, అంటే గాలి కొట్టే ముక్కు ట్యూబుకు అతుక్కునే చోట, బుడగ వచ్చింది. "ఇది ముల్లు పని కాదమ్మా. ఇక్కడికి ముల్లు చేరదు. రబ్బరు అలిసిపోయినట్టు. ఇట్టాంటిది సన్నగా కారుద్ది, తొందరగా కనపడదు. గుర్తుపెట్టుకో," అన్నాడు. ఆవిడ గుర్తుపెట్టుకుంది. నాసరయ్యకు పిల్లల్లేరు. ఆవిడ బాబాయ్ అని పిలిస్తే ఆయన భార్య కాశింబీ టీ గ్లాసులు రెండుకు బదులు మూడు తెచ్చేది.

ఇక అసలు సంగతికి వస్తాను. నాసరయ్య కళ్ల సంగతి ఆయన కంటే ముందు నాకు తెలిసింది. ఎలాగంటారా? ఆయన మొహం రోజూ నా నీళ్లలో పడుతుంది కదా. మొదట్లో మూరెడు ఎత్తున ఉండే మొహం జానెడు దగ్గరికి వచ్చింది. తర్వాత బెత్తెడు. ఒకరోజు ముక్కు కొన తడిసింది. ఆయన ఉలిక్కిపడి, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ తల తిప్పాడు. ఎవరూ చూడలేదు. నేను చూశాను.

అప్పట్నుంచి ట్యూబును బుగ్గకు దగ్గరగా పెట్టుకుని తిప్పడం మొదలెట్టాడు. చిల్లులోంచి వచ్చే గాలి చర్మానికి తెలుస్తుంది. పెద్ద చిల్లులు అలా పట్టేసేవాడు. చిన్నవాటికి తన పాత పద్ధతే అడ్డుపడింది. "ఎక్కడొస్తందో నువ్వు చెప్పు," అంటే వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. వాళ్ల మాట ఏ పక్కనుంచి వస్తే అటు చెయ్యి పోనిచ్చేవాడు. ముప్ఫై ఏళ్లుగా అదే మాట వింటున్న ఊరికి అందులో కొత్తేమీ కనపడలేదు. నిజాయితీగా మొదలెట్టిన పద్ధతి చివరికి ఆయన దాపరికానికి తడిక అయింది. అది నాకు నచ్చలేదు. నచ్చకపోతే ఏం చేయగలను? ఇంత పెద్ద నోరుంది గానీ మాట రాదు.

కాశింబీ మాత్రం ఊరుకోలేదు. "ఒంగోలు పోయి కళ్ల డాక్టరుకు చూపించుకోరాదూ?" అని వారానికోసారి పోరేది.

"చూపించుకుంటే ఏమంటాడు? కళ్లు పోయినాయంటాడు. ఆ మాట ఊళ్లో పడితే నా చేతికి చక్రం ఎవడిస్తాడే? ఈ కొట్టు తప్ప నాకేం తెలుసు?" అనేవాడు. ఆయన భయం అంతా అదే. చూపు పోతుందని కాదు, కొట్టు ముందు స్టూలు ఖాళీ అయిపోతుందని.

పోయినేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మంగళవారం, పొద్దున ఎనిమిదింటికి ఏసుమణి ఆటో కొట్టు ముందు ఆగింది. వెనక సీట్లో పరాంకుశం మాస్టారు. ఈ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఒంగోలు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను ఎక్కాలి. ఆయన్ని తీసుకెళ్లి తీసుకొచ్చేది ఏసుమణి. పది గంటలకు ఆయన వంతు. దాటితే ఆ మిషను ఇంకొకరికి పోతుంది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేరు. ఒక్క పూట తప్పినా ఒళ్లంతా నీరు పట్టి ఊపిరి ఆడదు ఆయనకు.

"ముందు చక్రం బాబాయ్. గబగబా చూడు. స్టెప్నీ టైరు కూడా పోయిన వారమే చీలిపోయింది," అంది ఏసుమణి.

నాసరయ్య చక్రం విప్పి, ట్యూబు లాగి, గాలి కొట్టాడు. "రా అమ్మాయ్, చూద్దువు గానీ," అని పిలిచాడు.

"నువ్వు చూడు బాబాయ్. మాస్టారికి కళ్లు తిరుగుతున్నాయంట," అంటూ ఆవిడ ఆయనకు నీళ్లు పట్టిస్తూ ఉండిపోయింది.

స్టూలు మీద మనిషి లేకుండా నాసరయ్య ట్యూబు ముంచడం నేనెరిగినంతలో అదే మొదటిసారి. వంగాడు. మొహం నీళ్లకు ఆనించినంత పని చేశాడు. ఒకచోట బుడగలు పెద్దగా లేచాయి. అది బుగ్గకు కూడా తెలిసింది, చేతికి కూడా తెలిసింది. గుర్తు పెట్టుకున్నాడు. ట్యూబు మళ్లీ తిప్పాడు. వాల్వు మొదట్లో ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, కాసేపు అక్కడే కూర్చుని, పైకి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆయన సూటిగా అటే చూస్తున్నాడు. చూస్తూనే ట్యూబు బయటికి తీశాడు.

ఓరి నాయనా, అక్కడుందయ్యా అని అరవాలనిపించింది నాకు. నీళ్లు కొంచెం కదిలాయి, అంతే.

ముల్లు పీకి, పరుగున వచ్చిన ఏసుమణి చేతిలో పెట్టాడు. ఆవిడ చూడకుండానే డబ్బాలో పడేసింది. ప్యాచీ వేశాక రెండో మునకకు ట్యూబు ఎత్తాడు.

"వద్దు బాబాయ్, టైమైపోతంది. నువ్వు వేశాక ఇంక చూసేదేముంది? నీ మీద నాకు నమ్మకం."

ఆయన చెయ్యి నా మీద గాలిలో ఆగింది. "నిమిషం కూడా పట్టదమ్మా," అన్నాడు, మెల్లగా.

"నమ్మకం అన్నా గదా. బిగించెయ్ బాబాయ్."

బిగించేశాడు. ఆ మాట ఆయనకు తియ్యగా తగిలిందని నాకు తెలుసు. ముంచినా తనకు కనపడదన్న సంగతి ఇంకోవైపు నుంచి నెట్టిందని కూడా తెలుసు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. అరగంట గింజుకునే చెంచయ్యను తిట్టుకున్నందుకు నా మీద నాకే సిగ్గేసింది.

అరగంట గడవకముందే ఫోను మోగింది. చేతులు జిడ్డుగా ఉంటాయి కనుక ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టుకునే మాట్లాడతాడు. అందుకే నాకూ వినపడింది.

"బాబాయ్, మేదరమెట్ల ఇంకా కొంచెం ఉందనగా ముందు చక్రం కూర్చుండిపోయింది. ఇంకో ముల్లు దిగినట్టుంది. ఈ రోడ్డంతా తుమ్మే గదా. ఏం చేయాలి బాబాయ్? మాస్టారికి ఆయాసంగా ఉంది."

నాసరయ్య ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. అవునమ్మా, ముల్లే అయ్యుంటుంది అంటే అయిపోయేది. ఆవిడే నోట్లో పెట్టింది ఆ మాట. మింగడమే తరువాయి. ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

"కదలమాక. వస్తన్నా," అన్నాడు.

దారిలో చిక్కుబడినవాళ్ల కోసం కొట్టులో ఒక ఆటో చక్రం ఎప్పుడూ గాలి కొట్టి సిద్ధంగా ఉంటుంది. దాన్ని దొర్లించుకుంటూ బయటికి వచ్చాడు. పట్టపగలు షట్టరు దించాడు. రోడ్డు పక్కన నిలబడి, ఆటో చప్పుడు వినపడ్డ వైపుకు చెయ్యెత్తాడు.

తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. కాశింబీ అన్నం క్యారేజీ పట్టుకుని మూసిన షట్టరు ముందు నా స్టూలు మీద కూర్చుని ఉంది. చక్రం మార్చాడట. ఏసుమణి ఆటో దౌడు తీయించిందట. వెళ్లేసరికి మాస్టారి వంతు దాటిపోయిందని ఆవిడ ఫోను చేసిందట. సాయంత్రంలోపు ఇంకో మిషను ఖాళీ అయితే చూస్తామన్నారట.

"అన్నం తిను. ముల్లు దిగితే నువ్వేం చేత్తావు?" అంది.

"ముల్లయితే నేనేం చేయను కాశింబీ," అన్నాడు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, క్యారేజీ మూత మళ్లీ పెట్టేసింది. ఆ మధ్యాహ్నం నలుగురు బండ్లు తెచ్చారు. "ఇవాళ చేయి బాగాలేదన్నా," అని నలుగురినీ పంపేశాడు.

ఐదు దాటాక ఏసుమణి ఆటో వచ్చింది. నాసరయ్య చప్పుడు విని లేచి నిలబడ్డాడు.

"మిషను దొరికింది బాబాయ్. పన్నెండున్నరకు ఎక్కించారు," అంది ఏసుమణి. వెనక సీట్లో మాస్టారు తలగుడ్డ చుట్టుకుని, నీరసంగా చెయ్యి ఊపారు. నాసరయ్య ఆటో వైపుకు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఏసుమణి పొద్దున కూర్చుండిపోయిన చక్రం దించింది. "పట్టు బాబాయ్, ఎక్కడ దిగిందో చూద్దాం."

ఆయన ట్యూబు లాగి, గాలి కొట్టి, నాలో ముంచాడు. "కూర్చో అమ్మాయ్. ఎక్కడొస్తందో నువ్వు చెప్పు."

ఆవిడ కూర్చుంది. ట్యూబు తిరిగింది. వాల్వు మొదట్లోంచి ఆవగింజంత బుడగ లేచింది. అలసిపోయిన ఏసుమణి ఈసారి నోరెత్తకుండా వేలు మాత్రం పెట్టింది. ఆయన చేతులు ఆగలేదు. ఆవిడ వేలు దాటించి ట్యూబును తిప్పుకుంటూ పోయాయి. ఆవిడ తలెత్తి ఆయన మొహం చూసింది. ఆ కళ్లు నీళ్లలోకే చూస్తున్నాయి, కానీ జానెడు పక్కకు. ట్యూబు మళ్లీ తిరిగి వచ్చింది. ఆవిడ మళ్లీ వేలు పెట్టింది. మళ్లీ దాటిపోయింది.

"ఏందమ్మా, ఎక్కడా రావటంలా?" అన్నాడు.

ఏసుమణి మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. ఆవిడ మొహం కూడా నా నీళ్లలోనే ఉంది మరి. ఎక్కడ కారుతోందో తెలుసు, అది ముల్లు పని కాదని తెలుసు, ఆ సంగతి నేర్పింది ఎవరో కూడా తెలుసు.

"ముల్లే బాబాయ్. చిన్న చిల్లు. పొద్దున ప్యాచీ పక్కనే. ఇంకో ముల్లు దిగింది," అంది.

నాసరయ్య చేతులు ఆగాయి. కుడి చెయ్యి నీళ్లలోంచి తీసి, తడి కారుతుండగానే అరచెయ్యి చాపాడు.

"అయితే ముల్లు నా చేతిలో పెట్టు."

ఆవిడ చూపు నా కాలికి వేలాడే డబ్బా మీద పడింది. అందులో ముళ్లకేం కొదవ? ఒకటి తీసి ఆ అరచేతిలో పెడితే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి డబ్బాలోకి పోయింది. ఒక ముల్లు వేళ్ల మధ్య పైకి వచ్చింది కూడా. ఆయన చెయ్యి అలాగే చాపి ఉంది. ఆ అరచేతి గీతల్లో మూడు దశాబ్దాల నలుపు. ఏసుమణి దాన్ని చూస్తూ చూస్తూ, ముల్లును మళ్లీ డబ్బాలో వదిలేసింది. అది రేకు మీద టక్కుమంది.

"లేదు బాబాయ్," అంది. "ముల్లు లేదు. వాల్వు మొదట్లో."

"నాకు తెలుసమ్మా," అన్నాడు నాసరయ్య. "నువ్వు ఫోను చేసినప్పుడే అనుకున్నా. పొద్దున నేను చూశానన్నట్టే ఇచ్చా నీకు. చూళ్లా. కనపళ్లా. ఏడాది బట్టి సరిగా కనపట్టంలా."

ఏసుమణి ఒక్కసారి లేచి నిలబడింది. జాలి పడుతుందనుకున్నాను నేను. కాదు, ఆవిడకు కోపం వచ్చింది.

"ఏడాది బట్టా! ఏడాది నుంచి నీ చేతి చక్రాల మీద మాస్టారిని తిప్పుతున్నా బాబాయ్ నేను! ఇవాళ ఆయనకేమన్నా అయితే? నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఎవరొస్తారమ్మా ఈ కొట్టుకు?"

"నేనొస్తా! నేను రానా? చెప్పకపోతేనే గదా ఇంత పనయింది!" అంటూ ఆవిడ బావురుమంది. నాసరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లలోంచి రెండు చుక్కలు నాలో పడ్డాయి.

అప్పుడు వెనక సీట్లోంచి సన్నని గొంతు వినపడింది. "ఏసుమణీ, పొద్దున రెండో మునక వద్దన్నది ఎవరమ్మా?"

ఆవిడ ముక్కు తుడుచుకుంటూ అటు చూసింది. "నేనే మాస్టారూ."

"మరి సగం మార్కులు నీకూ తీసెయ్యాలి," అన్నారు పరాంకుశం మాస్టారు. "నన్నింక ఇంటికి చేర్చండి. తర్వాత తీరిగ్గా పోట్లాడుకోండి."

ఏడుస్తూనే నవ్వింది ఏసుమణి.

గురువారం మాస్టారిని తీసుకెళ్లే ఆటోలోనే నాసరయ్యనూ ఎక్కించుకుపోయింది. నీటికాసులు, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే జబ్బు అన్నారట డాక్టర్లు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలంటే రోజూ చుక్కల మందు వేసుకోవాలట. ముందే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నారట. కాశింబీ ఆ మాటకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మర్నాటి నుంచి నాసరయ్య స్టూలు మీద కూర్చున్న ప్రతివాడికీ ముందే చెప్పడం మొదలెట్టాడు. "నాకు చూపు సరిగా లేదు. చెయ్యి మాత్రం బాగుంది. చూసేది నువ్వు, అతికించేది నేను. ఇష్టమైతేనే చక్రం దించు." కొందరు మొహమాటంగా నవ్వి, పనుందని జారుకున్నారు. కొందరు ఎదురుగా కొత్తగా పెట్టిన అద్దాల తలుపుల టైర్ల కొట్టుకు పోయారు. అక్కడ చల్లటి గదీ, మెత్తటి కుర్చీలూ ఉన్నాయి. చక్రం ఏమవుతుందో మాత్రం కనపడదు. రెండు వారాలు నా నీళ్లు కదల్లేదు. పైన వేపాకులు రాలి తేలుతుంటే, ఇంక నన్ను కూడా కుడితికి పంపేస్తారేమో అనుకున్నాను.

మూడో వారం పాల చెంచయ్య వచ్చాడు. నాసరయ్య తన మాట చెప్పాడు. చెంచయ్య విని, "నువ్వు చూసినప్పుడు మాత్రం నేను నమ్మానా ఏంది?" అని నా అంచు పట్టుకుని వంగాడు. "ఆ మూల ముంచు. ఉహూ, దాని పక్కన. ఆఁ, అక్కడ. పట్టుకో, పట్టుకో. అదుగో ఇంకోటి, సన్నగా." నాసరయ్య వేలును తన చేత్తో పట్టుకుని బుడగ మీద పెట్టాడు. అరగంట గడిచింది. నాకు ఒళ్లు మండలేదు. ఆ మనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది, నిజంగా.

తర్వాత స్టాండులో ఆటోలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఏసుమణి ఎవరిని ఎలా తిట్టిందో నాకు తెలియదు. ఇప్పుడు ఇక్కడికి వచ్చేవాళ్లంతా రెండో మునకకు తామే ట్యూబు ముంచి చూస్తారు. అంతకుముందు స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టినవాళ్లే వీళ్లంతా.

నేనూ ముసలిదాన్నయ్యాను. ఈ మధ్య నా అడుగున తుప్పు తినేసి, సన్నగా కారడం మొదలైంది. పాత ఇనుము కొనేవాడు సైకిలు దిగి, నన్ను తట్టి చూసి, "ఇదింక పనికిరాదు సాయిబూ, ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకో," అన్నాడు. నా గుండె, అదే నా అడుగు, జారిపోయింది. నాసరయ్య వినిపించుకోలేదు. కాళ్ల దగ్గర నేల తడి ఎంతవరకూ వచ్చిందో పాదంతో తడుముకుని చూశాడు. నీళ్లన్నీ తోడించి, రెండు రోజులు ఎండబెట్టి, అడుగంతా వేళ్లతో వెతికి చిల్లు పట్టుకున్నాడు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ట్యూబు ముక్క కోసి అతికించి, సుత్తితో మెల్లగా కొట్టాడు. ఇన్నేళ్లు ఊరందరి చిల్లులూ నాలో చూసుకున్నారు. నాకు పంక్చరు వేసింది ఆ రోజే.

ఏసుమణి బిందెలతో నీళ్లు పోసింది. నాసరయ్య ఆవిడను స్టూలు మీద కాకుండా నేల మీద కూర్చోబెట్టాడు.

"కింద చూడమ్మా. కారుతందా?"

ఆవిడ వంగి, నా అడుగుకు కళ్లు ఆనించింది. ఇనుము కొనేవాడు ఆ రోజు మళ్లీ వచ్చాడు, సంచి భుజాన వేసుకుని చూస్తున్నాడు. నాసరయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నేనూ బిగబట్టాను. అంచున ఒక చుక్క ఊరింది. చాలాసేపు వేలాడి, నేల మీద పడింది. లేదు బాబాయ్ అంటే ఆయన సంతోషంగా ఇంటికి పోయి అన్నం తింటాడు.

"ఒక్క చుక్క వచ్చింది బాబాయ్," అంది ఏసుమణి.

నాసరయ్య మొహం వెలిగిపోయింది. "ఏదీ, ఎక్కడ? నా వేలు పెట్టు," అంటూ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆవిడ ఆయన వేలు పట్టుకుని ఆ చుక్క మీద ఆనించింది. ఆయన తడి తుడిచి, "నీళ్లు తోడెయ్యమ్మా, మళ్లీ వేద్దాం," అని ఆకురాయి అందుకున్నాడు.